లోగేరు గారి పక్క సీటు

ఆఫీసులో ఆయనకు ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళు మనిషిని బాగా చదివే పెట్టారు. సర్వే ఆఫీసు జీపుకు ఆయన ముప్ఫై నాలుగేళ్ళు డ్రైవరు. దూరాన కొండ కనిపిస్తే చాలు, ఎత్తు ఇంకా మొదలు కాకముందే బండి ఆపి, చిన్న లివరు వెనక్కి లాగి, నెమ్మదిగా అయినా బలంగా లాగే లో గేరులోకి దింపేవాడు. పక్కనున్న ఆఫీసరు "ఇంకా చదునే కదయ్యా" అంటే, "చదునుగా ఉన్నప్పుడే కదండీ తీరిగ్గా దింపుకోగలం" అనేవాడు. నడకా అంతే, మాటా అంతే. ఎవరేది అడిగినా ఒక్క క్షణం ఆగి, లోపలేదో సర్దుకుని, అప్పుడు జవాబిచ్చేవాడు. కొత్తగా చేరిన గుమాస్తాలు అదే ఆయన అసలు పేరనుకుని "లోగేరు గారూ" అని మర్యాదగా పిలిచేవారు. ఆయన కూడా అంతే మర్యాదగా పలికేవాడు.

ఆఫీసు బండిలో ఇంటి మనుషుల్ని ఎక్కించకూడదని ఒక రూలు ఉండేది. మిగతా డ్రైవర్లు ఆ రూలును గోడకు తగిలించిన పటంలా చూసీ చూడనట్టు వదిలేసి, పిల్లల్ని బడికి దించేవాళ్ళు, అత్తగార్ని ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు. లోగేరు మాత్రం తన గొడుగు తప్ప సొంత వస్తువేదీ ఆ జీపులో పెట్టలేదు.

ఆయన భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఒక సాయంత్రం డ్యూటీ దిగి నడిచి వస్తుంటే జోరువాన పట్టుకుంది. గాలికి గొడుగు తిరగబడి పువ్వులా విచ్చుకుంది. సరిగ్గా అప్పుడే లోగేరు ఖాళీ జీపుతో అటు వచ్చాడు. ఆవిణ్ణి చూశాడు. బండిని పక్కకు తీసి ఆపాడు. తన గొడుగు తీసుకుని దిగి, తాళం వేసి, ఆవిడ పక్కన నడుస్తూ మైలున్నర దూరం ఇంటిదాకా దిగబెట్టాడు. మళ్ళీ ఆ వానలోనే నడుచుకుంటూ వెళ్ళి జీపును ఆఫీసులో అప్పజెప్పి వచ్చాడు.

"ఆ రోజు ఇద్దరం ముద్దముద్దగా తడిశాం, జీపులో సీట్లు మాత్రం హాయిగా పొడిగా ఉన్నాయి" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది. ఎన్నిసార్లు విన్నా ఆయన చెవులు ఎర్రబడేవి.

ఇంటికొచ్చాక మాత్రం ఆయన తాను తిరిగిన చోట్లన్నీ ఆవిడకు పూస గుచ్చినట్టు చెప్పేవాడు. నది వంక తిరిగే చోట పెద్ద పలకరాయి ఉంటుందనీ, పొద్దువాలినా అది గోరువెచ్చగానే ఉంటుందనీ, పైన కనుమ దగ్గర నిలబడితే రెండు వైపులా రెండు రకాల గాలి వీస్తుందనీ. ఆవిడ ఏదో కుట్టుకుంటూ, ఏదో తుడుచుకుంటూ వినేది. నన్నూ తీసుకెళ్ళమని ఒక్కనాడూ అడగలేదు. ఆవిడ మొదట రిటైరైంది, రెండేళ్ళకు ఆయన. ఆ తరవాత ఆర్నెల్లు లోగేరు వరండాలో కూర్చుని, రోడ్డు మీద పోయే బండి ప్రతిదాన్నీ చప్పుడుబట్టి "వీడికి క్లచ్చి పోయింది", "వీడు గేరు మార్చాల్సింది" అని గొణుగుతూ గడిపాడు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మనమొక బండి కొందాం."

"ఎందుకూ?"

ఆయన ఎప్పటిలాగే ఆగాడు. "నేను చెప్పిన చోట్లన్నీ నీకు చూపించాలి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. తీసి మళ్ళీ తుడిచింది. "నా మోకాలి పట్టీ ఎక్కడ పెట్టానో చూశారా?" అంది. ఆయన ఇల్లంతా వెతికి దిండు కింద నుంచి తీసి తెచ్చిచ్చాడు. అదే సరేననడం అనుకున్నాడు.

షోరూంకి వాళ్ళతోపాటు బావమరిది కూడా బయల్దేరాడు. అతనికి బజార్లో ఫోటో స్టూడియో ఉంది. పిలవలేదు, అయినా వచ్చాడు. చేతిలో టాప్ మోడల్ పుస్తకం, నోట్లో దాన్లోని ప్రతి అక్షరం. "బావా, దీనికి పైన కప్పు తెరుచుకుంటుంది! మాట చెబితే పాట పెడుతుంది! చక్రాలు చూశావా, అద్దాల్లా ఉన్నాయి!" అని దారి పొడుగునా ఊదరగొట్టాడు.

షోరూంలో ఒకే బండి మూడు రకాలుగా వరసగా నిలబెట్టి ఉంది. వాళ్ళకు చూపించడానికి వచ్చిన అమ్మాయి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. జుట్టు గట్టిగా బిగించి కట్టుకుని, గట్టి అరికాళ్ళ బూట్లు వేసుకుని ఉంది. ఆమె ఒక్కోటీ విడమరిచి చెప్పింది. ఇంజను మూడింటికీ ఒకటే. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళడం, లో గేరు, అవీ ఒకటే. తేడాలన్నీ పైపైనే. కింది మోడల్‌కి గుడ్డ కప్పు, రబ్బరు నేల, చేత్తో తిప్పే కిటికీ అద్దాలు, వెనకాల ఎదురెదురుగా రెండు బల్లలు. మధ్య మోడల్‌కి ఇనుప కప్పు, ముందుకు చూసే సీట్లు, పట్టుకోవడానికి పిడులు, వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించే లాకు. టాప్ మోడల్‌కి ఇవన్నీ ఉండి, తోలు సీట్లు, తెర, కెమెరాలు, తెరుచుకునే కప్పు, పెద్ద చక్రాలు.

లోగేరు అంతా విన్నాడు. "కింద చూడొచ్చామ్మా?" అన్నాడు.

"ఏ కింద సార్?"

ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, అద్దంలా మెరుస్తున్న ఆ నేల మీద పరిచి, తల దానిమీద పెట్టి వెల్లకిలా పడుకుని, కింది మోడల్ కిందకు జరిగిపోయాడు. రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. అవతల సోఫాలో కూర్చున్నవాళ్ళు మెడలు సాచి చూశారు. బావమరిది తనకు ఆ కాళ్ళతో ఏ సంబంధమూ లేనట్టు గోడ మీద బొమ్మలు చూస్తూ నిలబడ్డాడు.

ఐదు నిమిషాలకు ఆయన బయటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "కింది మోడలే. టైరు మందంగా ఉంది, రాయి తగిలినా చక్రం వంగదు. నేల కడుక్కోవచ్చు. అద్దం దించడానికి కరెంటుతో పని లేదు. మా పాత జీపు మళ్ళీ పుట్టినట్టుంది."

"వెనక లాకు లేదు కదా సార్?"

"మాకూ లేదమ్మా. ముప్ఫై నాలుగేళ్ళు తోలలేదూ?"

ఆ అమ్మాయి ఆవిడవైపు తిరిగింది. "అమ్మా, మీరొకసారి ఎక్కి చూడండి."

ఆవిడ ముందు తలుపు తీసింది. అడుగు ఎత్తింది, దించింది. రెండో కాలు ఎత్తింది. పట్టుకోవడానికి ఏమీ లేక సీటు అంచు పట్టుకుంది. అమ్మాయి మోచేతి కింద చెయ్యి వేస్తే ఎట్టకేలకు ఎక్కి కూర్చుంది.

"ఎలా ఉంది?" అన్నాడు లోగేరు.

"బాగానే ఉందండీ" అంది ఆవిడ చక్కటి గొంతుతో.

అంతటితో ఆయనకు బేరం కుదిరిపోయినట్టే. కానీ ఆ అమ్మాయి ఆవిడ ముఖం చూసింది. "మూడింటిలోనూ తిరిగి చూడకుండా తీసుకోవద్దు సార్. వెనకాల పాత క్వారీ ఉంది, రాళ్ళూ గోతులూ అన్నీ ఉన్నాయి. రండి" అంది.

క్వారీ మాట వినగానే లోగేరు చొక్కా చేతులు మడిచాడు. డ్రైవరు తలుపువైపు నడిచాడు. అమ్మాయి అడ్డంగా వచ్చి నిలబడింది.

"క్వారీలో మా మనిషే నడపాలి సార్. కంపెనీ రూలు."

బావమరిదికి రోషం ముంచుకొచ్చింది. "ఆయనెవరనుకున్నావమ్మా? ఈ చుట్టుపక్కల కొండల్లో ఆయన ఎక్కని..."

"నువ్వూరుకోరా. రూలంటే రూలే" అన్నాడు లోగేరు. అని, ముందు సీటు భార్యకు వదిలేసి, తాను వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక జీపులో స్టీరింగు లేని చోట కూర్చోవడం అదే మొదలు.

అమ్మాయి బాగానే నడిపింది. లోగేరు అది ఒప్పుకున్నాడు. కానీ మొదటి గొయ్యిలో చక్రం దిగగానే ఆయన కుడికాలు లేని బ్రేకును గట్టిగా తొక్కింది. రెండో గొయ్యికి తల వెళ్ళి కప్పు కమ్మీకి తగిలింది. పట్టుకుందామని చెయ్యి సాచాడు. అటు గుడ్డ, ఇటు గాలి. బల్ల మీద అడ్డంగా కూర్చోవడంవల్ల దారి ఎటు పోతోందో తెలియడం లేదు, పొట్టకు మాత్రం తెలుస్తోంది. ఆయనకు హఠాత్తుగా ఒక పాత సర్వేయరు గుర్తొచ్చాడు. ఎంత పాడు దారైనా "ఫరవాలేదు, పోనివ్వు" అనేవాడు పాపం. బండి ఆగగానే దిగి, దగ్గరున్న చెట్టు పట్టుకుని చాలాసేపు దూరంగా చూస్తూ నిలబడేవాడు. ఆయనకు ప్రకృతి అంటే ప్రాణమని లోగేరు అందరికీ చెప్పేవాడు. ఆ చెట్టు ఎందుకు పట్టుకునేవాడో ఇవాళ తెలిసింది.

"అమ్మా, ఎలా ఉంది?" అని అడిగింది నడుపుతున్న అమ్మాయి.

"బాగానే ఉందమ్మా."

ఆ గొంతులో ఒణుకు లేదు, తొణుకు లేదు. కానీ వెనక కూర్చున్న లోగేరుకు ఆవిడ చెయ్యి కనిపిస్తోంది. ముందున్న రేకు అంచును పట్టుకున్న పట్టుకు వేళ్ళ కణుపులు తెల్లబడిపోయాయి. రెండో చెయ్యి మోకాలిని అదిమి పట్టి ఉంది. అది ఎక్స్ఛేంజి గొంతు. అవతలివాడు ఎంత కేకలేస్తున్నా "లైను కలుపుతున్నాను, ఉండండి" అని చెప్పే గొంతు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ గొంతుతో కాపురం చేసి, అదేదో ఆవిడ స్వభావమనుకున్నాడు.

"ఆపమ్మా" అన్నాడు.

దిగి ముందు తలుపు దగ్గరకు వచ్చాడు. "మోకాలు నొప్పిగా ఉందా?"

"లేదు."

"నాతో ఆ గొంతుతో మాట్లాడకు. నిజం చెప్పు."

ఆవిడ ఆయనవైపు చూసింది. "ప్రాణం పోతోంది" అంది.

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"అంత ముచ్చటపడి నేల మీద పడుకుని మరీ చూశారు. ఏమని చెప్పను?"

లోగేరు ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని కిందకు దింపాడు. "సరే, దీన్ని వదిలేద్దాం. మిగతావి తీసుకురామ్మా" అన్నాడు.

టాప్ మోడల్ వచ్చింది. బావమరిది ఎగిరి గంతేసి ఎక్కాడు. "ఇప్పుడు చూడక్కా!" అని కప్పు తెరిపించి, తల బయటపెట్టి నిలబడ్డాడు. లోపల తోలు సీట్లు మెత్తగా ఉన్నాయి, చల్లగా ఉంది, తెర మీద దారి కనిపిస్తోంది. మొదటి రాయి ఎక్కగానే ధన్‌మని దెబ్బ వినిపించింది. లోగేరు ముఖం చిట్లించాడు. "చక్రం పెద్దది చేసి టైరు పలచన చేశారు. రాయికీ రేకుకీ మధ్య రబ్బరెంతుంది? అప్పడమంత" అన్నాడు. ఆవిడ తోలు సీటును తడిమి, నల్లటి అద్దంలోంచి చూసి, "బ్యాంకు మేనేజరు గదిలో కూర్చున్నట్టుంది. బయటెవరో సినిమా వేస్తున్నారు" అంది. ఆ మాటకు బావమరిది పైనుంచి ఏదో జవాబు చెప్పబోయాడు గానీ, ఎదురుగాలికి లేచిన దుమ్మంతా సరిగ్గా నోట్లోకి వెళ్ళింది. దిగాక పావుగంట సేపు ఉమ్ముతూనే ఉన్నాడు. టాప్ మోడల్ గురించి ఆ తరవాత అతను మాట్లాడలేదు.

చివరికి మధ్య మోడల్. ఆవిడ తలుపు పక్కనున్న పిడి పట్టుకుంది. దాన్ని ఒకసారి కదిపి చూసింది, గట్టిగానే ఉంది. అమ్మాయి సీటు కిందకు దించింది. ఈసారి లోగేరు వెనక సీట్లో సరిగ్గా భార్య వెనకాల కూర్చుని, దారి చూడకుండా ఆవిడ చేతినే చూశాడు. గోతిలో దిగినప్పుడు పిడి మీద బిగిసింది. ఎక్కాక వదులైంది. అలా బిగిసి వదులయ్యే చెయ్యి ఆయనకు నచ్చింది.

"ఇదేనా?" అన్నాడు.

"కిటికీ అద్దం పూర్తిగా దిగుతుందా?" అంది ఆవిడ.

అమ్మాయి దించి చూపించింది. చివరంటా దిగింది.

"ఇంకొకటి. నేను ఆపమన్నప్పుడు ఆపాలి. మీరు చూపించేవే కాదు, నాకు కనిపించేవీ ఉంటాయి."

లోగేరు అమ్మాయివైపు చూశాడు. అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, "ఆ సౌకర్యం బండితో రాదమ్మా, డ్రైవరుతో వస్తుంది" అంది.

మధ్య మోడల్‌కే ఖాయం చేశారు. కానీ ఒక చిక్కు మిగిలింది. ఆవిడ మోకాలికి ఎక్కడానికో మెట్టు కావాలి. కంపెనీవాళ్ళు బిగించే మెట్టు బండి పొడుగునా గట్టిగా ఉంటుంది, కొండ దారిలో మొదటి బండరాయికే పట్టేసుకుంటుంది. లోగేరు రెండు రోజులు కాగితాల మీద మెట్ల బొమ్మలు గీసి గీసి చింపేశాడు. మూడో రోజు అటక మీదినుంచి పాత టెలిఫోన్ డైరెక్టరీలన్నీ దించాడు. హాల్లో ఒకదానిమీద ఒకటి పేర్చి, "దీనిమీద కాలు పెట్టు" అన్నాడు.

"మీకేమైనా పిచ్చా?"

"పెట్టవోయ్."

పెట్టింది. ఇంకొకటి పేర్చాడు. అదీ పెట్టింది. ఇంకొకటి. ఆరో డైరెక్టరీకి ఆవిడ పెదవి బిగిసింది. ఆయన వెంటనే దాన్ని తీసేసి, మిగతా ఐదింటినీ టేపుతో కొలిచి, అంకె చొక్కా చేతి మీదే రాసుకున్నాడు.

"వీళ్ళందరి నంబర్లూ కలిపీ కలిపీ నా మోకాలు అరిగింది, ఇప్పుడు వీళ్ళమీదే ఎక్కిస్తున్నారు" అంది ఆవిడ.

ఇనుప పని చేసే మిత్రుడొకడు ఆయనకు ఉన్నాడు. అతని దగ్గర కూర్చుని ఒక పూటంతా బుర్ర బద్దలుకొట్టుకున్నారు. చివరికి ఒక చిన్న ఇనప మెట్టును, మిల్లుల్లో వాడే మందపాటి రబ్బరు బెల్టు ముక్కలు రెండింటితో బండి కింద వేలాడదీశారు. కాలు పెడితే నిలుస్తుంది, రాయి తగిలితే వెనక్కి ఊగి, మళ్ళీ తన చోటికి వస్తుంది. బండి ఇంటికొచ్చిన రోజున ఆవిడ ఆ మెట్టు మీద పదిసార్లు ఎక్కి దిగింది. ఎదురింటివాళ్ళు వ్యాయామం అనుకున్నారు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఇద్దరూ బయల్దేరారు. తారు రోడ్డు అయిపోయి మట్టి దారి మొదలైంది. నది వంక దగ్గర బండి ఆపి, లోగేరు దిగి, ఏదో తానే కట్టించినట్టు చెయ్యి చాపాడు. "ఇదే."

ఆవిడ అటూ ఇటూ చూసింది. "ఇదేనా? మీరు చెప్పినప్పుడు ఇంకా పెద్దగా ఉండేది."

"అప్పట్లో నీళ్ళెక్కువ" అన్నాడు ఆయన, ముఖం చిన్నబుచ్చుకుని.

ఆవిడ పలకరాయి మీద కూర్చుంది. అరచెయ్యి ఆనించింది. "వెచ్చగానే ఉంది" అంది. ఆ ఒక్కటి నిజమైనందుకు ఆయన గుండెల మీదినుంచి బరువు దిగినట్టయింది.

అక్కడినుంచి కనుమవైపు ఎక్కుతుండగా ఆవిడ ఉన్నట్టుండి, "ఆపండి!" అంది. ఆయన అప్పుడే గేరు మారుస్తున్నాడు. బండి ముందుకు సాగిపోయింది.

"ఆపమన్నానా!"

ఆపాడు. వెనక్కి తెచ్చాడు. దారి పక్కన రాతి గోడల గది ఒకటి, పైన రేకు, గోడకు విరిగిన పింగాణీ బుడిపెలు, పక్కన తీగలు లేని స్తంభం. లోగేరు దాని ముందునుంచి కొన్ని వందలసార్లు వెళ్ళి ఉంటాడు. అదేమిటో ఎప్పుడూ పట్టించుకోలేదు.

"ఇది కొండ ఎక్స్ఛేంజి. ఇక్కడొకావిడ ఉండేది. పదహారేళ్ళు రోజూ మాట్లాడుకున్నాం. ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు" అంది ఆవిడ. "వాన ముందు ఇక్కడికొచ్చేది కదా, లైను మీద చెప్పేది, ‘ఇక్కడ మొదలైంది, గంటలో మీకొస్తుంది, బట్టలు తీసుకోమని ఇంటికి కబురంపు’ అని."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు నాకు నదులూ కొండలూ చెప్పేవారు. మధ్యలో నేనేం చెప్పను?"

గది ముందు రోడ్డు పని మేస్త్రీ ఒకడు పలుగూ పారా లోపల పెట్టుకుంటున్నాడు. అడిగితే, "ఆపరేటరమ్మా? అదిగో, కింద ఆ ఎర్రరేకుల ఇల్లు. కానీ బండి దిగదండీ, వానలకు దారి కోసుకుపోయింది" అన్నాడు.

నడిచి దిగడం ఆవిడ మోకాలికి అయ్యే పని కాదు. లోగేరు ఆ దారి వెంట కిందిదాకా నడిచి వెళ్ళి, నడిచి వచ్చాడు. ఎక్కి కూర్చుని లో గేరు వేశాడు. వెనక లాకు బిగించాడు.

"ఇప్పుడు నీ వైపు వంగుతుంది. పిడి పట్టుకో. భయం లేదు, పడదు."

బండి వంగింది.

"ఇప్పుడు ఇటువైపు చక్రం ఒకటి గాల్లో ఉంటుంది. ఉండనీ."

ముప్ఫై నాలుగేళ్ళలో పక్క సీటులోని మనిషికి ఆయన ఇలా చెప్పి నడపడం ఇదే మొదలు. ఆవిడ మాత్రం ఎక్స్ఛేంజి గొంతును పూర్తిగా మరిచిపోయి, "అమ్మో! అమ్మో! పడిపోతున్నామండీ బాబూ!" అని లోయ మారుమోగేలా అరిచింది. ఆ అరుపు వింటుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టుంది.

కింద ఇంటి ముందు ఒక ముసలావిడ తీగమీద దుప్పటి ఆరేస్తోంది. బండిని చూసి, "ఎవరండీ?" అంది. లోగేరు భార్య మెట్టుమీదుగా దిగి, నాలుగడుగులు వేసి నిలబడిపోయింది. గొంతు సవరించుకుని అంది:

"హలో, కొండ లైనేనా? పట్నం మాట్లాడుతున్నాను."

తడి దుప్పటి నేల మీద పడింది. ఆ ముసలావిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తరవాత మెల్లగా, "వాన అక్కడికొచ్చిందా?" అని అడిగింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో. లోగేరు దుప్పటి తీసి దులిపి, తనకు చేతనైనట్టుగా తీగ మీద వేశాడు.

టీ తాగుతున్నప్పుడు ముసలావిడ అడిగింది, "మీరేం చేసేవారండీ?"

"సర్వే ఆఫీసు జీపు డ్రైవర్ని."

ఆమె గ్లాసు కింద పెట్టింది. "ఆకుపచ్చ జీపా? ముందు దీపాల్లో ఒకటి పక్కకు చూసేదీ?"

"అదే" అన్నాడు గర్వంగా.

"మీరేనా! అమ్మా తల్లీ, ఈయనేనా! పైన గది పక్కనే తీగ కట్టుకుని ఉతికిన బట్టలు ఆరేసుకునేదాన్ని. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ పాడు జీపు రివ్వున వచ్చేది, బట్టలన్నీ మట్టికొట్టుకుపోయేవి! ఎన్నిసార్లు తిట్టానో నీకు గుర్తుందా, పట్నం?"

"గుర్తుంది" అంది లోగేరు భార్య, టీ చప్పరిస్తూ.

లోగేరు చెవులు కందిపోయాయి. తప్పించుకోవడానికి దారి లేదు. "అక్కడొక్క అరమైలు చదునుగా ఉంటుందండీ" అన్నాడు నేలచూపులు చూస్తూ. "ఆఫీసర్లను శిబిరంలో దింపి ఖాళీగా వస్తుంటే... అక్కడ మాత్రం కాస్త..." ముప్ఫై నాలుగేళ్ళు కాపాడుకున్న పరువు ఆ అరమైలులో పోయింది.

"ఆ జీపు మీదని నాకు తెలుసు" అంది భార్య.

"ఎప్పటినుంచి?"

"ఈవిడతో మాటలు కలిసిన రెండో ఏటినుంచే. ‘ఇప్పుడే పోయాడు దరిద్రుడు’ అని ఈవిడ లైనులో చెబితే, సరిగ్గా రెండు గంటల తరవాత మీరు గుమ్మంలో ఉండేవారు. మీరొచ్చేసరికి నీళ్ళు కాగి ఉండేవి కాదూ? ఎలా అనుకున్నారు?"

"మరి నాకు చెప్పొచ్చుగా, నెమ్మదిగా వచ్చేవాణ్ణి."

"అప్పుడు మీరెక్కడున్నారో నాకెలా తెలుస్తుంది?"

ముసలావిడ ఒకసారి ఆయన్ని చూసి, ఒకసారి ఆవిణ్ణి చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. వచ్చే నెల కంటి డాక్టరుకు చూపించుకోవడానికి పట్నం రావాలనీ, వస్తే వాళ్ళింట్లోనే దిగాలనీ ఇద్దరాడవాళ్ళూ అప్పటికప్పుడే మాట్లాడేసుకున్నారు. తీసుకురావడానికి ఎవరు వస్తారన్న ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

తిరిగి పైకెక్కి, రాతి గది దాటారు. ముందు అరమైలు దారి తిన్నగా, ఖాళీగా పరుచుకుని ఉంది. లోగేరు బుద్ధిగా రెండో గేరులో పోతున్నాడు.

"ఇదేనా ఆ చదును?" అంది ఆవిడ.

"ఆఁ."

ఆవిడ అద్దం చివరంటా దించింది. పిడి పట్టుకుంది. "అప్పుడెలా పోయేవారో అలా పోనివ్వండి."

"మోకాలు?"

"మోకాలి సంగతి నేను చూసుకుంటాను, మీరు గేరు సంగతి చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. మూడు, నాలుగు. ఆవిడ జుట్టు ముడి ఊడి గాలికి ముఖమంతా పరుచుకుంది, అరుపో నవ్వో తెలియకుండా ఏదో వినిపిస్తోంది. అరమైలు కాగానే మళ్ళీ పల్లం వచ్చింది. ఆయన బండి ఆపి, చిన్న లివరు వెనక్కి లాగాడు.

ఇంటికొచ్చాక రెండు రోజులు మోకాలు వాచి ఆవిడ మంచం దిగలేదు. లోగేరు నీళ్ళు కాచి కాపడం పెట్టాడు, తప్పంతా తనదేనని పదే పదే అన్నాడు. మూడో రోజు పొద్దున ఆవిడ కుంటుకుంటూ వరండాలోకి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, కొండ అవతలి వైపు ఎక్స్ఛేంజి నుంచి నత్తి నత్తిగా మాట్లాడే ఆపరేటరొకాయన ఉండేవాడనీ, అటు దారి ఎలా ఉంటుందో తెలుసా అనీ అడిగింది.